మేకులు మానేసిన మనిషి

పోయిన మంగళవారం పొద్దున్న కాలవ గట్టు మీద నా బూటు అడుగు ఊడిపోయింది. ఊడిపోవడమంటే ఏదో ఒక పక్క నోరు తెరుచుకోవడం కాదు. మడమ దగ్గర మొదలై మునివేళ్ళ దాకా, సున్నుండ చిదిపినట్టు పొడిపొడిగా రాలిపోయింది. వెనక్కి తిరిగి చూస్తే నేను నడిచొచ్చిన దారి పొడుగునా నల్లటి ముక్కలు. నాతో రోజూ నడిచే మాస్టారు వాటిని చూసి, "ఏంటండీ, కోళ్ళకి మేత చల్లుకుంటూ వస్తున్నారా?" అన్నారు.

తప్పు నాదే. షుగరు వచ్చింది, రోజూ గంటసేపు నడవమని డాక్టరు గట్టిగా చెప్పాడు. ముప్ఫై ఏళ్ళకు పైగా కరెంటు స్తంభాలెక్కి రిటైరైనవాణ్ణి, నాకు నడక ఒక లెక్కా అనుకుని, అటక మీద అట్టపెట్టెలో రెండేళ్ళుగా భద్రంగా దాచుకున్న డ్యూటీ బూట్లు దింపాను. అవి పాతసామాన్లవాడికి వేసేసి కొత్తవి కొనుక్కోమని మా ఆవిడ ఆ రోజే చెప్పింది. తోలు చెక్కుచెదరలేదు, అడుగు అరగలేదు, ఎందుకు పారెయ్యాలి అని నేను వాదించాను. మూడో రోజుకి ఇదీ సంగతి. ఒక కాలికి బూటు, ఇంకో కాలికి అడుగులేని తోలు సంచి తొడుక్కుని కుంటుకుంటూ ఇంటికొస్తే ఆవిడ చీపురు తెచ్చి గుమ్మంలో రాలిన ముక్కలు ఊడ్చింది. ఆ చీపురు చప్పుడే నాకు ఎక్కువ గుచ్చుకుంది.

భీమవరంలో మా ఇంటికి దగ్గర్లో, రైల్వే గేటు పక్కన, బూట్లు బాగుచేసే ఆయన ఒకాయన ఉన్నాడు. నలభై లోపే ఉంటాయి. సోళ్ళు అరగదీసే మిషను కూడా పెట్టుకున్నాడు. బూట్లు రెండూ చేతిలోకి తీసుకుని, బాగానే ఉన్న రెండోదాని మడమని బొటనవేలితో నొక్కాడు. వేలు లోపలికి దిగిపోయింది.

"దాచారాండీ వీటిని?" అన్నాడు.

దాచానన్నాను.

"పోతపోసిన సోలండి ఇది. తొడుగుతుంటేనే బతుకుద్ది. మన తేమకి ఊరికే ఉంచితే లోపల్నుంచి చచ్చిపోద్ది."

పాతదంతా గీకి తీసి, కొత్త సోళ్ళు అంటించి చుట్టూ కుట్టాలి, సాయంత్రం రమ్మన్నాడు. సరేనని వచ్చేశాను గానీ, ఆ మాట నన్ను వదల్లేదు. 'తొడుగుతుంటేనే బతుకుద్దండి' అని అచ్చం ఇలాగే చాలా ఏళ్ళ కిందట నాకు ఒకాయన చెప్పారు. చెప్పించుకుని కూడా మర్చిపోయి అట్టపెట్టెలో దాచుకున్న వాణ్ణి ఏమనాలి? ఆయనే ఉంటే బూటు వంక చూసి, నా వంక చూసి, "కరెంటు గారూ" అని ఆగేవారు.

నరసాపురంలో రేవు మెట్లెక్కి పైకి రాగానే, కుడి చేతి వైపు, టీ బడ్డీకీ ప్రహరీ గోడకీ మధ్య ఆరడుగుల సిమెంటు నేల ఉండేది. అదే ఆయన కొట్టు. గోడకున్న కొక్కేనికి తాడేసి కట్టిన నల్ల గొడుగు, కింద గోనెసంచి, ఎదురుగా మూడు కాళ్ళ ఇనప దిమ్మ, పక్కన రేకు పెట్టె. వెనక గోడ మీద ఒక తీగ ఉండేది. దాని మీద బట్టలారేసినట్టు పాత బూటు అడుగులు వేలాడుతుండేవి. కొత్తగా వచ్చినవాళ్ళు అవి అమ్మకానికేమో అనుకునేవారు.

ఎవరికి కొత్త అడుగు వేసినా పాతది పారేసేవారు కాదు ఆయన. కొత్తదానితో వారం రోజులు నడిచాక వచ్చి చూపించాలి. అప్పటిదాకా పాతది తీగ మీదే. కొత్తది పాతదాని లాగే ఒక పక్కకి ఒరుగుతోందేమో రెండూ పక్కపక్కన పెట్టి చూసేవారు. వాటి మీద సుద్దముక్కతో గుర్తు రాసుకునేవారు, పేర్లు కాదు. బడి, పడవ, బస్సు, పొలం. అంటే బళ్ళో మాస్టారు, గోదావరి దాటించే పంటు నడిపేవాడు, కండక్టరు, రైతు. పిలవడం కూడా అంతే. "బడి గారూ, ఎండలో నుంచున్నారేం, ఇటు రండి." "ఏంటి బస్సు గారూ, ఎడమ కాలు ఈడుస్తున్నారు?" బస్సు గారు అనిపించుకున్న కండక్టరు మొదట్లో మొహం ముడుచుకున్నాడు గానీ, తర్వాత ఆ పేరుతో పిలవకపోతే తనకే వెలితిగా ఉండేది.

చేత్తో బూటు పట్టుకెళ్ళి ఇస్తే ఒక పట్టాన తీసుకునేవారు కాదు. "నడవండి చూద్దాం" అనేవారు. చెంబుతో నీళ్ళు ఇంకో గోనెసంచి మీద పోసి, ముందు దాని మీద కాళ్ళు తడుపుకోమనేవారు. తర్వాత కొట్టు ముందున్న సిమెంటు బాట మీద పదడుగులు అటు, పదడుగులు ఇటు. తడి అడుగుజాడల వంక తల వంచి చూసేవారు. అవి ఆరేదాకా మాట్లాడేవారు కాదు. పంటు దిగి సఖినేటిపల్లి వైపు నుంచి వచ్చేవాళ్ళకైతే ఆ చెంబు కూడా అక్కర్లేదు, తడికాళ్ళతోనే మెట్లెక్కి వచ్చేవారు. వాళ్ళు తన దగ్గరికి రాకపోయినా సరే, ఆయన ఆ జాడలు చదువుకుంటూ కూర్చునేవారు. టీ బడ్డీ ఆవిడ, "పేపరు చదువుతున్నారా బాబాయ్?" అని ఎగతాళి చేసేది.

ఒకసారి నేను అడిగాను, అడుగు అరిగింది, మార్చాలి, అంతేగా, ఈ నడకలన్నీ ఎందుకని. ఆయన చెప్పిన జవాబు ఇప్పటికీ నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

"మాట మనిషిదండి, అరుగుదల పనిదండి. మనిషి నాకు ఏమైనా చెప్తాడు. పనికి చెప్పడం రాదు, అరగడమే వచ్చు."

ఆయన కాళ్ళకి మాత్రం జోడు కలిసిన చెప్పులు నేనెప్పుడూ చూడలేదు. ఎవరో తీసుకెళ్ళకుండా వదిలేసినవి, కుడిది గోధుమరంగు, ఎడమది నలుపు. ఆదివారం కొట్టు ఉండేది కాదు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా తొడుక్కుని, బైబిలు చంకలో పెట్టుకుని లూథరన్ చర్చికి వెళ్ళేవారు, ఉత్త కాళ్ళతో. అదేంటని అడిగితే, వారమంతా చెప్పులతోనే బతుకుతున్నాను, ఒక పూటైనా వాటిని మర్చిపోనివ్వండి అన్నారు.

ఇంకో సంగతి మర్చిపోకుండా చెప్పాలి. నేను మొదట చూసిన రోజుల్లో ఆయన పెదాల మధ్య ఎప్పుడూ అరడజను చిన్న మేకులుండేవి. ఒక్కొక్కటే నోట్లోంచి తీసి దిమ్మ మీద పెట్టిన బూటుకి కొట్టేవారు. అందుకని మాటలు ఎడమ మూల నుంచి, అదీ ముక్కలు ముక్కలుగా వచ్చేవి. చాలామంది ఆయన్ని మాటకారి కాదనుకునేవారు. మేకులున్న నోటితో ఎవరు మాత్రం ఎంత మాట్లాడతారు?

నాకు అప్పుడు నరసాపురం పక్క సెక్షన్లో లైన్‌మన్‌గా పని. బంగాళాఖాతంలో తుఫాను పుట్టిందని కబురొచ్చింది. ఆఫీసులో ఇచ్చిన బూట్లు అరిగి అరిగి, కింద రాయి ఉంటే రాయి ఆకారం తెలిసేలా ఉన్నాయి. కొత్తవి ఇంకా రాలేదు. తుఫాను వస్తే పదిరోజులు నీళ్ళల్లోనే పని. లుంగీ మీద ఉన్నవాణ్ణి అలాగే, మట్టి కొట్టుకుపోయిన బూట్లు పేపర్లో చుట్టుకుని ఆయన దగ్గరికి పరిగెత్తాను.

"నడవండి చూద్దాం" అన్నారు ఆయన, మేకుల పక్కనుంచి.

నాకు ఒళ్ళు మండింది. టైం లేదండి, సాయంత్రానికి కావాలి, చేస్తే చెయ్యండి లేకపోతే లేదు అన్నాను. నేనెవరినో చెప్పలేదు. ఆయన అడగనూ లేదు. బూట్లకున్న మట్టి చూసి, లుంగీ చూసి, రొయ్యల చెరువు మనిషిననుకున్నారు. రోజుకి సరిపడా పనిని పూటలో చేసి, సాయంత్రం దీపాలు పెట్టే వేళకి ఇచ్చేశారు. అడుగులు బిగువుగా, ఎత్తుగా ఉన్నాయి. మడమలు గట్టిగా ఉండాలని ఒక్కోదానికి ఆరేసి మేకులు దించానని చెప్పారు. నేను విన్నాను. విని కూడా నాకేమీ తట్టలేదు. కరెంటు పనివాడి బూటు అడుగులో ఇనుము ఉండకూడదని నాకు తెలుసు, నేను కరెంటు పనివాణ్ణని ఆయనకి తెలియదు. తెలిసినవాణ్ణి నేను. ఆ మాట తర్వాత చాలాసార్లు ఆయనతో అన్నాను గానీ, ఆయన ఒప్పుకోలేదు.

ఆ రాత్రే గాలి కొట్టింది. తెల్లారేసరికి మొగల్తూరు వైపు స్తంభాలు వరిచేను పడ్డట్టు పడ్డాయి. ఒక పగలంతా చెట్లు నరకడంతోనే సరిపోయింది. రెండో రోజు పొద్దెక్కాక ఒక చెరువు గట్టు మీద ఉన్నాం. కరెంటు లేక చెరువులో నీళ్ళు చిలికే ఏరియేటర్లు ఆగిపోయాయి. గాలి అందక రొయ్య పైకి తేలుతోంది. జనరేటర్లు ఉన్నవాళ్ళు వాటిని వేసుకున్నారు, లేనివాళ్ళు మా చుట్టూ మూగారు. మా లైను సబ్‌స్టేషన్లో ఆపించి, ఆపేశామని వాళ్ళ నోట అనిపించుకున్నాను. దాన్నే మేం లైన్ క్లియర్ అంటాం. నిచ్చెన వేశాం. తాడు నడుముకి కట్టుకుని మొదటి మెట్టు మీద కాలు పెట్టాను.

అప్పుడు గట్టు మీద సైకిలు పడ్డ చప్పుడు. చూస్తే ఆయన. మోకాళ్ళ దాకా బురద, నెత్తి మీద తుండు, చేతిలో నా పాత బూటు అడుగు. దాన్ని జెండాలా పైకెత్తి పట్టుకుని వస్తున్నారు.

"దిగండి. ఎక్కకండి. బూట్లిప్పండి" అన్నారు రొప్పుతూ.

తర్వాత తెలిసింది ఏం జరిగిందో. ఆ పొద్దున్న వాన తెరిపిచ్చాక, గాలికి ముందే తీగ మీంచి తీసి దాచిన అడుగులు కడుగుతుంటే, నావాటి మట్టి పోయి అసలు అరుగుదల బయటపడింది. మడమా కాదు, మునివేళ్ళూ కాదు. నడిమధ్య, పాదం నేలకి ఆనని చోట, అడ్డంగా గాడి పడి ఉంది. నేల మీద నడిచేవాడికి అక్కడ అరగదు. నిచ్చెన మెట్టు మీద గంటలు గంటలు నిలబడేవాడికే అరుగుతుంది. కొబ్బరికాయలు దింపేవాళ్ళు బూట్లేసుకోరు, సున్నాలేసేవాళ్ళూ వేసుకోరు. బూట్లతో నిచ్చెనెక్కేది ఎవరమ్మా అని టీ బడ్డీ ఆవిణ్ణి అడిగితే, ఇంకెవరు బాబాయ్, కరెంటోళ్ళు అందట. అంతే, ఆవిడ ఇంటాయన సైకిలు తీసుకుని బయల్దేరారు. లైన్‌మన్లు ఎటు వెళ్ళారో మా ఆఫీసులో అడిగి, దారిలో కనపడ్డవాళ్ళందర్నీ అడిగి, నీళ్ళు పారుతున్న చోట్ల సైకిలు భుజానికెత్తుకుని, అరవయ్యేళ్ళ మనిషి అంత దూరం వచ్చారు.

ఇప్పుడు చెబుతుంటే కళ్ళు చెమరుస్తున్నాయి గానీ, అప్పుడు నాకు సిగ్గేసింది. చుట్టూ ఉన్న రైతులు ఊరుకోలేదు. ఒకాయన, "రొయ్య చచ్చిపోతుంటే బూట్లంటాడేంటండీ ఈయన?" అని నన్నడిగాడు. ఇంకొకడు మరీ నోరు పారేసుకున్నాడు. చెప్పులు కుట్టుకునేవాడివి, కరెంటు సంగతి నీకెందుకన్నాడు. ఆయన గట్టు మీద బురదలోనే చతికిలబడి, నా కాలు తన ఒళ్ళోకి లాక్కుని, తనే తాళ్ళు విప్పారు. పట్టకారుతో ఒక్కో మేకూ పీకి, అలవాటు కొద్దీ పెదాల మధ్య పెట్టుకున్నారు. ఎడమ బూటులోంచి ఆరు వచ్చాయి. కుడిదాంట్లోంచి అయిదే వచ్చాయి. ఆరోదాని తల తెగిపోయింది, ఒళ్ళు లోపలే ఉండిపోయింది.

అయిదొచ్చాయిగా, ఒక్కదానికి ఏమవుద్ది, ఇలా ఇవ్వండి అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపారు. కత్తి తీసి, రెండు రోజుల కిందట అంత శ్రద్ధగా అంటించిన మడమని నిలువునా కోసి, ఆ తునకని బయటికి లాగి, ఎండకేసి పట్టుకుని చూసి, దాన్ని కూడా పెదాల మధ్య పెట్టుకున్నారు. అప్పుడు బూటు నాకిచ్చారు. మడమలేని బూటుతో, ఒక పక్కకి ఒరిగిపోతూ నిచ్చెనెక్కాను. మొత్తం అరగంట పోయింది. ఆ అరగంటకి ఎవరి చెరువూ పోలేదు.

పని అయిపోయి దిగాక కూడా ఆయన గట్టు మీద కూర్చునే ఉన్నారు. నాకింకా కోపం తగ్గలేదు. అంతమందిలో నా పనిని ఆపేశారని. లైను చచ్చే ఉందండి, నేను లైన్ క్లియర్ తీసుకునే ఎక్కుతున్నాను, మీ మేకులున్నా నాకేమీ అయ్యేది కాదు, ఊరికే ఇంత దూరం పడి వచ్చారు అన్నాను.

ఆయన నోట్లోంచి పన్నెండు మేకులూ తీసి, తుండులో మూటగట్టి, అప్పుడు మాట్లాడారు.

"మీకు తెలుసండి. నాకు తెలీదు కదండీ. ఇంత దారి పొడుగునా నాకు తెలీదు."

ఇంటికి పోతుంటే అప్పుడు గుర్తొచ్చింది. అంతకు ముందు ఏడాది మా పక్క సెక్షన్లో ఒకడు ఇలాగే, లైను చచ్చిందన్న ధీమాతో ఎక్కాడు. ఎక్కడో ఎవరో జనరేటరు వేసుకుంటే ఆ కరెంటు వెనక్కి లైనులోకి వచ్చింది. వాడి శవాన్ని నిచ్చెనతో సహా దింపారు. ఆ గట్టు మీద మా చుట్టూ ఎన్ని జనరేటర్లు మోగుతున్నాయో నేను ఆ వేళ లెక్క కూడా పెట్టలేదు. నాకు తెలుసని ఆయన అనుకున్నారు. నాకూ తెలీదు. ఈ మాట ఆయనకి ఎప్పటికీ చెప్పలేకపోయాను.

వారం తర్వాత వెళితే రేకు పెట్టెలో మేకుల డబ్బా లేదు. పడవలు బాగుచేసే వడ్రంగికి ఇచ్చేశారట, ఉన్నవన్నీ. ఇక మీద ఎవరికైనా అంటించే సొల్యూషనూ, దారమూ, అంతే. ఆరెతో చిల్లు పొడిచి, మైనం పట్టించిన దారంతో అడుగు చుట్టూ కుట్టు. మేకుతో పావుగంటలో అయ్యే పనికి రెండు గంటలు పట్టేది. కరెంటువాళ్ళకైతే సరే గానీ, బళ్ళో మాస్టారి బూటుకి మేకు కొడితే ఏమవుతుందండీ అన్నాను. మాస్టారు రేపు ఎక్కడ కాలు పెడతాడో నాకేం తెలుసండి అన్నారు. ఆలస్యమవుతోందని కొంతమంది వేరేచోటికి పోయారు. ఆయన లెక్కచెయ్యలేదు.

దానివల్ల ఒక వింత జరిగింది. నోట్లో మేకులు లేకపోయేసరికి ఆయనకి మాటలొచ్చాయి. రేవులో జనం ఆశ్చర్యపోయారు. ఈయన ఇన్ని కబుర్లు చెబుతాడా అని. పంటు ఆలస్యమైతే ఆయన గొడుగు కింద నలుగురు చేరడం మొదలుపెట్టారు. ఊళ్ళోవాళ్ళ కాళ్ళ చరిత్రంతా ఆయన దగ్గరుంది. ఫలానా ఆయన అప్పులవాళ్ళని చూసి సందులోకి తిరిగీ తిరిగీ కుడి అంచు అరగ్గొట్టుకున్నాడని చెబితే, అది ఎవరో పేరు చెప్పకపోయినా అందరికీ తెలిసిపోయి నవ్వేవారు. పోతపోసిన సోళ్ళ సంగతి నాకు చెప్పింది ఆ రోజుల్లోనే. పెట్టెలో దాచిన బూటు చచ్చిపోద్దని, తొడుగుతుంటేనే బతుకుద్దని. నేను సరదాకి, మనుషులూ అంతేనా అన్నాను. మనుషుల సంగతి పాస్టరు గారినడగండి, నాకు అడుగుల సంగతే తెలుసు అన్నారు.

నన్ను కరెంటు గారు అని పిలిచేవారు. తీగ మీద నా పాత అడుగులకి సుద్దతో 'కరెంటు' అని రాసి ఉండేది. మిగతా గుర్తులు వారానికి చెరిపేసేవారు, అది మాత్రం చెరిపేవారు కాదు. గాడిపడ్డ ఆ అడుగుని గోడకి చివర్న అలాగే ఉంచేశారు. చూసినప్పుడల్లా నాకు ఇబ్బందిగా ఉండేది. అది తీసెయ్యండి అంటే, మీకోసం కాదండి, నాకోసం అనేవారు.

ఏళ్ళు గడిచాయి. నాకు ప్రమోషనూ, భీమవరానికి ట్రాన్స్‌ఫరూ కలిసే వచ్చాయి. వెళ్ళేముందు బూట్లు ఆయనకిచ్చాను, చివరిసారి అడుగులు వేయించుకుందామని. ఈసారి చెప్పకుండానే చెప్పులు విప్పి, గోనెసంచి మీద కాళ్ళు తడుపుకుని, పదడుగులు అటూ ఇటూ నడిచాను. ఆయన జాడలు ఆరేదాకా చూశారు. కుడి మడమ మీద బరువేస్తున్నారు, నడుం చూపించుకోండి అన్నారు. రేపు రమ్మన్నారు. రేపు వెళితే ఇంకో రోజు ఆగమన్నారు. మూడో రోజు వెళ్ళేసరికి గోడవైపు తిరిగి కూర్చుని ఏదో చేస్తున్నారు. తోలు కాలిన వాసన. నన్ను చూసి దాన్ని తుండు కింద పెట్టేశారు. ఏంటి, చివరిసారని బంగారం గానీ పొదుగుతున్నారా అని ఆటపట్టించాను.

"మీరు వెళ్ళిపోతున్నారు కదండీ. అక్కడ వీటిని ఎవరు చూస్తారో ఏంటో" అన్నారు. మడమ లోపల గుల్లగా ఉంటుందని, అందులో తోలు ముక్క కోసి పెడుతున్నానని, లేకపోతే అడుగు కూరుకుపోతుందని చెప్పారు. నేను నమ్మాను, అది అబద్ధం కాదు కూడా.

ప్రమోషనుతో స్తంభాలెక్కే పని తగ్గింది, రిటైరయ్యేదాకా ఆ బూట్లు గాలివానలప్పుడే తొడిగేవాణ్ణి. నరసాపురం వెళ్ళడమూ తగ్గిపోయింది. ఆరు నెలలకోసారి, ఏడాదికోసారి. ఒకసారి వెళ్ళేసరికి గోడ మీద కొక్కెం ఉంది, గొడుగు లేదు. తీగ లేదు. టీ బడ్డీ ఆవిడ నన్ను చూసి గ్లాసు కడగడం ఆపేసింది. శీతాకాలంలో పోయారండి, నాలుగు రోజుల జ్వరం, అంతే అంది. క్రైస్తవుల సమాధుల దగ్గరికి దారి అడిగి వెళ్ళాను. సిలువ మీద ఆయన పేరు అప్పుడే చదివాను. అన్నేళ్ళలో నేనాయన పేరు అడగలేదు, ఆయన నా పేరు అడగలేదు. చదివితే అది ఇంకెవరి పేరో అనిపించింది. అందుకే ఇక్కడ కూడా రాయడం లేదు. చెప్పులు బయట విడిచి కాసేపు నుంచుని వచ్చేశాను. నాకు ప్రార్థన రాదు.

ఇదంతా మంగళవారం పగలు మంచం మీద పడుకుని తలుచుకున్నదే. సాయంత్రం గేటు పక్క కొట్టుకి వెళ్ళాను. బూట్లు ఇంకా అవలేదు. కొత్త సోళ్ళు పక్కన పెట్టి ఉన్నాయి, నా బూట్లు బోర్లా ఉన్నాయి. ఆయన నన్ను చూసి మిషను ఆపాడు.

"మీరు కరెంటులో చేసేవారాండీ?"

ఎలా తెలుసన్నాను. నేను పొద్దున్న ఏమీ చెప్పలేదు.

ఆయన బూటు ఇటు తిప్పి చూపించాడు. పాత అడుగంతా గీకేశాక మడమ దగ్గర అరచేతిలో సగమంత తోలు ముక్క మిగిలి ఉంది. దాని మీద ఆరె కాల్చి పొడిచిన నల్లటి అక్షరాలు. వంకరటింకరగా, చిన్నపిల్లలు పలక మీద దిద్దినట్టు.

కరెంటు మనిషి. మేకు వద్దు.

రెండో బూటు తిప్పాడు. అందులోనూ అవే మాటలు. ఏ ఒక్క బూటు విప్పినా కనపడాలని రెండింట్లోనూ రాశారు.

"మడమకి నాలుగు మేకులు వేద్దామని డబ్బా తీశానండి. ఇది చూసి మళ్ళీ లోపల పెట్టేశాను" అన్నాడు.

నేను రిటైరయ్యాను, ఇక ఏ స్తంభమూ ఎక్కను, షుగరు తగ్గడానికి కాలవ గట్టు మీద నడుస్తాను, అంతే అని చెప్పబోయి మానేసి, అక్కడున్న స్టూలు మీద కూర్చున్నాను. ఆయన మంచినీళ్ళు ఇచ్చాడు. కాసేపయ్యాక, తోలు ముక్కలు తీసి మీకిచ్చెయ్యనా, గుర్తుగా దాచుకుంటారు, వీటి చోట్లో కొత్తవి కోసి పెడతాను అన్నాడు.

దాచుకోవడం! అట్టపెట్టెలో పెట్టి అటకెక్కించడం నాకు బాగా వచ్చిన పనే.

"వద్దండి. అక్కడే ఉంచి మూసెయ్యండి" అన్నాను. "అది నాకు రాసింది కాదు. మీకు రాసింది."

ఆయన ఇంకోసారి ఆ అక్షరాల వంక చూశాడు. మైనం పట్టించిన దారం సూదికి ఎక్కించి, ఇంకో గంట పడుతుందండి, కూర్చోండి అన్నాడు. కూర్చున్నాను.